తలాఖ్ తర్వాత ఐదు పద్దులు: జీవనభృతి తీర్పులపై ఒక విమర్శనాత్మక పరిశీలన

దాంపత్య బంధం తెగిపోయిన తర్వాత స్త్రీపురుషుల మధ్య మిగిలే ఆర్థిక బాధ్యతలను గురించి భారతదేశంలో దాదాపు అర్ధ శతాబ్దంగా వాదోపవాదాలు సాగుతున్నాయి. సుప్రీంకోర్టు తీర్పులు వెలువడ్డాయి. పార్లమెంటు చట్టాలు చేసింది. సభలు జరిగాయి, తీర్మానాలు జరిగాయి. అయితే ఈ సాహిత్యాన్ని మొదటినుండి చివరివరకు చదివిన వారికి ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. తీర్పు చెప్పే అధికారం ఎవరిది అన్న ప్రశ్న మీద జరిగినంత చర్చ, విడాకులు పొందిన స్త్రీ చేతికి చివరకు ఎంత సొమ్ము వచ్చింది, ఏ పద్దు క్రింద వచ్చింది అన్న ప్రశ్న మీద జరగలేదు. షరీఅత్ ఈ లెక్కను ఒకే మొత్తంగా కాక వేరువేరు పద్దులుగా విభజించింది. న్యాయస్థానాలు కొన్ని సందర్భాలలోనూ, ముస్లిం సమాజం అనేక సందర్భాలలోనూ ఆ పద్దులను కలిపివేశాయి. కలిపిన ప్రతిసారీ నష్టపోయినది స్త్రీయే. ఈ దృష్టితో ముఖ్యమైన తీర్పులను, చట్టాలను వరుసగా పరిశీలించడం అవసరం.

షరీఅత్ చూపిన పద్దులు

మొదటిది మహర్. ఇది భర్త మనస్ఫూర్తిగా ఇవ్వవలసిన కానుక అనీ, ఇచ్చినది ధనరాశి అయినా సరే తిరిగి తీసుకోరాదనీ దివ్య ఖుర్ఆన్ ఆదేశం (4:4, 4:20). కాపురానికి ముందే విడాకులైతే నిర్ణయించిన మహర్‌లో సగం చెల్లించాలి (2:237). చెల్లించని మహర్ భర్త మీద అప్పు. అతడు మరణిస్తే వారసులు ఆస్తిని పంచుకొనే ముందు తీర్చవలసిన అప్పులలో అదీ ఒకటి. అంటే మహర్ అనేది తలాఖ్‌కు వెల కాదు. అది నికాహ్ నాడే ఆమెకు ఏర్పడిన హక్కు. తలాఖ్ జరిగినందువల్ల అది కొత్తగా పుట్టదు. వాయిదా వేసినది ఆనాడు చెల్లుబాటుకు వస్తుంది, అంతే.

రెండవది ఇద్దత్ కాలపు నివాసం, నఫఖా. ఆ గడువులో ఆమెను ఇంటినుండి వెళ్ళగొట్టరాదని, తాము నివసించే చోటనే తమ స్తోమతు కొద్దీ నివాసం కల్పించాలని సూరయె తలాఖ్ చెబుతున్నది (65:1, 65:6). గర్భవతి అయితే ప్రసవం వరకు ఖర్చులు భరించాలి. తిరిగి కలుసుకొనే అవకాశం లేని తలాఖ్ విషయంలో ఫుఖహాల మధ్య భేదాభిప్రాయాలు ఉన్నాయి. హనఫీ మజ్‌హబ్ ప్రకారం అప్పుడు కూడా నివాసం, నఫఖా రెండూ ఇవ్వాలి.

మూడవది మతా, అనగా విడాకులు పొందిన స్త్రీని సాగనంపేటప్పుడు ఇచ్చే జీవన సామగ్రి. కలిగినవాడు తన స్తోమతు ప్రకారం, లేనివాడు తన స్తోమతు ప్రకారం ఇవ్వాలని 2:236లోనూ, విడాకులు పొందిన స్త్రీలకు ధర్మసమ్మతంగా ఏదైనా ఇవ్వడం భయభక్తులు కలవారి విధి అని 2:241లోనూ చెప్పబడింది. మహర్ నిర్ణయం కాకుండా, కాపురం జరగకుండా విడాకులైన స్త్రీకి తప్ప మిగిలిన వారికి ఇది అభిలషణీయం మాత్రమేనని హనఫీ పండితుల అభిప్రాయం. సగం మహర్ పొందిన స్త్రీ తప్ప మిగిలిన విడాకులు పొందిన స్త్రీలకు ఇది విధి అని షాఫియీ అభిప్రాయం. ఇమామ్ తబరీ కూడా మతాను విధిగానే భావించారు.

నాల్గవది పిల్లల పోషణ. బిడ్డ తల్లి వద్ద పెరిగినా ఖర్చు తండ్రిదే (2:233). విడాకులైన తర్వాత ఆమె బిడ్డకు పాలిస్తే అందుకు కూడా ప్రతిఫలం చెల్లించాలన్నంత స్పష్టంగా 65:6 ఈ పద్దును వేరు చేసింది.

ఐదవది ఆమె సొంత ఆస్తి. ఆమె సంపాదన ఆమెది (4:32). పుట్టింటివారు పెట్టిన నగలు, సామాను, బంధుమిత్రులు ఇచ్చిన కానుకలు ఆమెవే. వీటిని తిరిగి ఇవ్వడం దానం కాదు, అమానతును అప్పగించడం.

ఈ ఐదింటిలో ఒక దానికి మరొకటి బదులు కాదు. మహర్ ఇచ్చినవాడు పిల్లల ఖర్చు తప్పించుకోలేడు. ఇద్దత్ ఖర్చు ఇచ్చినవాడు ఆమె నగలు దాచుకోలేడు. ఇప్పుడు తీర్పుల విషయానికి వస్తే ఈ విభజన వాటిలో ఎంతవరకు నిలిచిందో తెలుస్తుంది.

షాబానో కేసులోని అంకెలు

1985 ఏప్రిల్ 23న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన షాబానో తీర్పు గురించి తెలియనివారు అరుదు. కాని అందులోని అంకెలు గుర్తున్నవారు అంతకంటె అరుదు. ఇండోర్ నగరంలో న్యాయవాదిగా ఉన్న భర్తతో ఆమె వివాహం 1932లో జరిగింది. ఐదుగురు సంతానం. 1975లో ఆమెను ఇంటినుండి పంపివేశారు. 1978 ఏప్రిల్‌లో నెలకు 500 రూపాయల భృతి కోరుతూ ఆమె మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్ళింది. అదే సంవత్సరం నవంబర్ 6న భర్త తలాఖ్ చెప్పాడు. 1979 ఆగస్టులో మేజిస్ట్రేటు నిర్ణయించిన మొత్తం నెలకు 25 రూపాయలు. 1980 జూలైలో మధ్యప్రదేశ్ హైకోర్టు దానిని 179 రూపాయల 20 పైసలకు పెంచింది. భర్త వృత్తి ఆదాయం సంవత్సరానికి సుమారు 60,000 రూపాయలని ఆమె పేర్కొన్నది. ఆ లెక్కన నెలకు 5,000. మేజిస్ట్రేటు ఇప్పించినది అందులో నూటికి అర్ధరూపాయి. హైకోర్టు ఇప్పించినది నూటికి మూడున్నర రూపాయల పైచిల్లర.

సుమారు రెండేళ్ళపాటు నెలకు 200 చొప్పున ఇచ్చాననీ, 3,000 రూపాయలు మహర్ క్రింద కోర్టులో జమ చేశాననీ, ఇక తన బాధ్యత తీరిపోయిందనీ భర్త వాదన. తీర్పు ఈ వాదనను నిరాకరించింది. అంతవరకు బాగానే ఉన్నది. మహర్ అనేది తలాఖ్ సందర్భంగా ఇచ్చే పరిహారం కాదని తీర్పులో చెప్పిన మాట ధర్మశాస్త్ర రీత్యా కూడా సరియైనదే. కాని ఆ తర్వాత ధర్మాసనం 2:241 వాక్యాన్ని ఆధారంగా తీసుకొని, అందులోని మతాను నెలనెలా చెల్లించే పోషణతో సమానం చేసింది. మతా స్వరూపం వేరు, నఫఖా స్వరూపం వేరు. మతా ఒక పర్యాయం చేసే ఏర్పాటు, నఫఖా గడువుపర్యంతం సాగే ఖర్చు. తఫ్సీర్ గ్రంథాలలోని ఈ వివేచనను తీర్పు పట్టించుకోలేదు. పైగా ఉమ్మడి పౌరస్మృతి ప్రస్తావన తెచ్చి, 179 రూపాయల 20 పైసల వివాదాన్ని ఒక సమాజపు ఉనికి వివాదంగా మార్చివేసింది.

అయితే తీర్పును వ్యతిరేకించినవారి వాదనలోనూ లోపం ఉన్నది. ఇద్దత్ తర్వాత భర్తకు ఏ బాధ్యతా లేదని చెప్పినప్పుడు వారు రెండవ పద్దును గురించి మాట్లాడారు. మూడవ పద్దును గురించి అడిగినప్పుడు అది విధి కాదు, అభిలషణీయం అన్నారు. 43 సంవత్సరాలు కాపురం చేసి, ఐదుగురు బిడ్డలను పెంచి, 60 ఏళ్ళు పైబడిన వయస్సులో ఇల్లు విడిచిన స్త్రీ విషయంలో భయభక్తులు కలవారి మీద ఉన్న హక్కు అన్న ఖుర్ఆన్ మాటకు అర్థం ఏమిటని ఆ వేదికల మీదనుండి గట్టిగా అడిగినవారు తక్కువ. షాఫియీ అభిప్రాయం దూరదేశపు మాట కాదు. కేరళ, కొంకణ తీరాలలోనే కాక, హైదరాబాదులోని బార్కస్ ప్రాంతంలో స్థిరపడిన హద్రమీ అరబ్బు కుటుంబాలలో కూడా అనుసరించబడుతున్న మజ్‌హబ్ అది. ఈజిప్టు 1985లో చేసిన 100వ నంబరు చట్టం, భార్య అంగీకారం గాని తప్పు గాని లేకుండా ఇచ్చిన తలాఖ్‌లో కనీసం రెండు సంవత్సరాల నఫఖాతో సమానమైన మతా చెల్లించాలని నిర్ణయించింది. మలేషియా సమాఖ్య ప్రాంతాలలో 1984 నాటి ఇస్లామీయ కుటుంబ చట్టం, న్యాయమైన కారణం లేకుండా విడాకులు పొందిన స్త్రీకి మతా ఇప్పించే అధికారం షరీఅత్ న్యాయస్థానానికి ఇచ్చింది. షరీఅత్ పరిధిలోనే దారి ఉన్నదనడానికి ఈ రెండు ఉదాహరణలు చాలు.

మహర్‌కు పట్టిన గతి

క్రిమినల్ ప్రొసీజరు కోడ్‌లోని 127(3)(బి) నిబంధన ప్రకారం, వ్యక్తిగత చట్టం రీత్యా విడాకుల సందర్భంగా చెల్లించవలసిన మొత్తం అంతా చెల్లిస్తే భృతి ఉత్తర్వు రద్దు చేయడానికి వీలుండేది. దీనిని ఆధారం చేసుకొని ఎందరో భర్తలు మహర్, ఇద్దత్ సొమ్ము కోర్టులో కట్టి చేతులు దులుపుకొన్నారు. బొంబాయినుండి వచ్చిన బాయి తాహిరా కేసులో ఆ మొత్తం 5,000 రూపాయల మహర్, 180 రూపాయల ఇద్దత్ ఖర్చు. ఆంధ్రప్రదేశ్‌నుండి వచ్చిన ఫజ్లున్బీ కేసు ఇంకా గమనార్హం. బ్యాంకు ఉద్యోగి అయిన భర్త భార్యకు నెలకు 250 రూపాయలు ఇవ్వాలని ఉత్తర్వు అయింది. అతడు తలాఖ్ చెప్పి, మహర్ క్రింద 500, ఇద్దత్ క్రింద 750 కట్టి ఉత్తర్వు రద్దు చేయించుకొన్నాడు. రెండూ కలిపి 1,250. అనగా ఐదు నెలల భృతి. ఆమె శేష జీవితానికి కట్టిన విలువ అది. 1980లో సుప్రీంకోర్టు ఈ రద్దును కొట్టివేస్తూ, నామమాత్రపు మొత్తం బాధ్యతను తీర్చజాలదని చెప్పింది. ఫలితం న్యాయమైనదే. కాని అంతకుముందే అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. ఆ 500 రూపాయలు ఎన్నడో నికాహ్ నాడే ఆమెకు రావలసిన అప్పు కదా! తన అప్పును తాను వసూలు చేసుకొన్న స్త్రీకి, భవిష్యత్తు కోసం ఏదో ఇచ్చినట్లు ఎట్లా లెక్క వేస్తారు?

మహర్ విలువ ఇంతగా క్షీణించడానికి కోర్టులు కారణం కావు. నికాహ్ సమయంలో సిక్కా రాయిజుల్ వఖ్త్, అనగా ఆ కాలానికి చెలామణిలో ఉన్న నాణెం అని వ్రాసి, చెల్లింపును తలాఖ్ వరకో మరణం వరకో వాయిదా వేసే ఆచారం కారణం. షాబానో కేసునే తీసుకొంటే, 1932నాటి వెండి రూపాయి బరువు ఒక తులం, అనగా 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. ఆ 3,000 రూపాయల మహర్ వివాహమైన ఆ ఏటనే నాణేలుగా చెల్లించి ఉంటే ఆమె చేతికి సుమారు 32 కిలోల వెండి వచ్చి ఉండేది. 1940లో రూపాయిలోని వెండి సగానికి తగ్గింది. 1947లో నికెల్ రూపాయి వచ్చింది. 1978లో జమ అయినది అదే అంకె, కాని అదే విలువ కాదు. భర్త అంకెను చెల్లించాడు, విలువను చెల్లించలేదు.

దీనికి పరిష్కారం ఉలమాలు ఎంతో కాలంగా చెబుతూనే ఉన్నారు. దైవప్రవక్త (స) తమ సతీమణులకు ఇచ్చిన మహర్ సాధారణంగా 500 దిర్హములని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉన్నది. దానిని 131 తులాల 3 మాషాలు, అంటే దాదాపు 1,531 గ్రాముల వెండిగా లెక్కకట్టారు. మహర్‌ను రూపాయలలో కాక వెండి తూకంలోనో బంగారు తూకంలోనో నిర్ణయిస్తే పదేళ్ళ తర్వాత చెల్లించినా దాని విలువను నాణెపు క్షీణత తినివేయదు. అసలు వాయిదా వేయకుండా నికాహ్ నాడే చెల్లిస్తే వివాదమే ఉండదు. మహర్ నిర్ణయంలో పొదుపును ధర్మంగా చూపి, జోడే కీ రఖమ్, జహేజ్ విషయంలో పొదుపు మరచిపోయే కుటుంబాలు ఏ సున్నత్‌ను అనుసరిస్తున్నట్లో ఆలోచించాలి.

1986 చట్టం, రెండు వ్యాఖ్యానాలు

షాబానో తీర్పు తర్వాత వచ్చిన ముస్లిం స్త్రీల (విడాకులపై హక్కుల పరిరక్షణ) చట్టం, 1986 గురించి ఇరుపక్షాలవారూ ఎంతో మాట్లాడారు. కాని చట్టంలోని 3వ సెక్షన్‌ను నిదానంగా చదివితే, పైన చెప్పిన పద్దుల విభజన అందులో దాదాపు యథాతథంగా కనిపిస్తుంది. (ఎ) ఇద్దత్ కాలంలోపల చేయవలసిన సముచితమైన, న్యాయమైన ఏర్పాటు, చెల్లించవలసిన పోషణ, (బి) బిడ్డ పుట్టిన నాటినుండి రెండేళ్ళపాటు బిడ్డ కోసం ఏర్పాటు, పోషణ, (సి) మహర్, (డి) వివాహానికి ముందు, వివాహ సమయాన, ఆ తర్వాత బంధుమిత్రులు, భర్త, భర్త తరఫువారు ఆమెకు ఇచ్చిన ఆస్తులన్నీ. మేజిస్ట్రేటు సాధ్యమైనంతవరకు నెల రోజులలో ఉత్తర్వు ఇవ్వాలి. భర్తనుండి రానప్పుడు, ఇద్దత్ తర్వాత తనను తాను పోషించుకోలేని స్త్రీకి వారసులు కాగల బంధువులు, వారూ లేనప్పుడు రాష్ట్ర వక్ఫ్ బోర్డు భృతి ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతున్నది.

వివాదమంతా (ఎ)లోని రెండు మాటల మీద నడిచింది. ఏర్పాటు, పోషణ అనేవి ఒకటా, రెండా? 1990లో హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూర్తి ధర్మాసనం ఉస్మాన్ ఖాన్ బహమనీ కేసులో, అధిక సంఖ్యాకుల అభిప్రాయంగా, భర్త బాధ్యత ఇద్దత్ గడువుకే పరిమితమని నిర్ణయించింది. గుజరాత్, కేరళ, బొంబాయి హైకోర్టులు అందుకు భిన్నంగా చెప్పాయి. చివరకు 2001 సెప్టెంబర్ 28న డానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థిస్తూనే, ఏర్పాటు వేరు, పోషణ వేరు అని తేల్చింది. పోషణ ఇద్దత్ కాలానికి సంబంధించినది. ఏర్పాటు ఆమె భవిష్యత్తుకు సంబంధించినది. దానిని ఇద్దత్ ముగిసేలోగా చేయాలి. లోపల అన్న మాట చెల్లింపుకు గడువే గాని బాధ్యతకు హద్దు కాదు.

ఈ తీర్పు తన ఎదుట ఉన్న చట్టభాషను సరిగా చదివింది. 1990నాటి హైదరాబాదు తీర్పు రెండవ పద్దులోనే మూడవ పద్దును కలిపివేయగా, 2001నాటి తీర్పు ఆ రెండింటిని విడదీసింది. ఖుర్ఆన్‌లో మతా, నఫఖా వేరుగా ఉన్న రీతిలోనే ఇక్కడా రెండూ వేరుగా నిలిచాయి. అయినా ఇందులో ఒక పెద్ద కొరత ఉన్నది. ఏర్పాటు ఎంత ఉండాలో, దేనిని బట్టి కొలవాలో తీర్పు చెప్పలేదు. కాపురం చేసిన సంవత్సరాలు, ఆమె వయస్సు, ఆరోగ్యం, ఆమెకు వేరే సంపాదన ఉన్నదా లేదా, నివాసపు అద్దె – వీటిని లెక్కవేసే పద్ధతిని సూచించకుండా అంతా మేజిస్ట్రేటుల వివేచనకు వదిలివేసింది. ఈజిప్టు చట్టం కనీస పరిమాణమైనా చెప్పింది. ఆదాయ వివరాలను ప్రమాణపూర్వకంగా ఇరుపక్షాలూ దాఖలు చేయాలని, భృతిని దరఖాస్తు తేదీనుండి లెక్కించాలని సుప్రీంకోర్టు రజనీష్-నేహా కేసులో చెప్పేసరికి 2020 నవంబర్ వచ్చింది.

ఖులాలో మాఫీ

భార్య కోరిన విడాకుల లెక్క ఇంకా తక్కువగా చర్చకు వచ్చింది. ఖులాలో ఆమె మహర్‌ను వదులుకోవడం లేక తిరిగి ఇవ్వడం పద్ధతి. సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య ఆయన ఇచ్చిన తోటను తిరిగి ఇచ్చి బంధవిముక్తి పొందిన ఉదంతం సహీహ్ బుఖారీలో ఉన్నది. కాని తప్పు భర్తదైనప్పుడు ఆమెనుండి ఏమైనా తీసుకోవడం అతనికి అవాంఛనీయమని హనఫీ గ్రంథాలే చెబుతున్నాయి. ఆచారంలో జరుగుతున్నది వేరు. వదిలివేయాలని తానే నిశ్చయించుకొన్న భర్త, తలాఖ్ చెప్పకుండా సంవత్సరాల తరబడి నాన్చి, భార్య చేతనే ఖులా అడిగించి, మహర్ మాఫీ అని వ్రాయించుకొంటాడు. కొన్నిచోట్ల పిల్లల ఖర్చు కూడా మాఫీ అని వ్రాయిస్తారు. మొదటి పద్దును వదులుకొన్న స్త్రీ నాల్గవ పద్దును కూడా కోల్పోతుంది. ఆ పద్దు పిల్లల హక్కు. కాగితం మీద తల్లి సంతకం వల్ల తండ్రి బాధ్యత తీరదు.

భర్త క్రూరంగా ప్రవర్తించినప్పుడు, రెండేళ్ళు పోషించనప్పుడు, నాలుగేళ్ళు జాడ లేనప్పుడు 1939నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం క్రింద కోర్టునుండి విడుదల పొందవచ్చు. అందులోని 5వ సెక్షన్ ప్రకారం ఆమె మహర్ హక్కు చెక్కుచెదరదు. ఖులాకూ దీనికీ గల ఈ తేడా డబ్బు రూపంలో చాలా పెద్దది. అయినా పుట్టింటి పెద్దలు త్వరగా తేలిపోతుందన్న కారణంతో ఖులా వైపే నడిపిస్తారు. త్వరగా తేలడానికి ఆమె చెల్లించే ధర ఎంతో ముందుగా లెక్కవేసి చెప్పడం వారి ధర్మం.

2019, 2024

ఒకే ఊపున మూడు తలాఖులు చెప్పడం చెల్లదని 2017 ఆగస్టు 22న షాయరా బానో తీర్పు వచ్చింది. అంతకుముందే, 2002లో, షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు తగిన కారణం, సంధి ప్రయత్నం లేకుండా చెప్పిన తలాఖ్ చెల్లదన్నది. 2019 చట్టం మూడు తలాఖులకు మూడేళ్ళ వరకు జైలు శిక్ష విధించింది. అదే చట్టం 5వ సెక్షన్ భార్యాబిడ్డలకు జీవనాధార భత్యం ఇవ్వాలన్నది. రోజు కూలీ అయిన భర్త జైలులో ఉంటే ఆ భత్యం ఏ ఆదాయంనుండి వస్తుందో చట్టం చెప్పలేదు. శిక్ష మీద చూపిన శ్రద్ధ లెక్క మీద చూపలేదన్న విమర్శకు అది తగినదే.

2024 జూలై 10న వచ్చిన తీర్పు తెలంగాణ రాష్ట్రంనుండి వెళ్ళిన కేసులోనిది. 2012లో వివాహం, 2017లో తలాఖ్. ఇద్దత్ ఖర్చు క్రింద 15,000 రూపాయలు పంపితే ఆమె తీసుకోలేదని భర్త వాదన. కుటుంబ న్యాయస్థానం నెలకు 20,000 మధ్యంతర భృతి నిర్ణయించగా, తెలంగాణ హైకోర్టు దానిని 10,000కు తగ్గించింది. దానిపై కూడా భర్త సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. ఇద్దరు న్యాయమూర్తులు వేరువేరుగా వ్రాసి ఏకీభవించిన తీర్పు ప్రకారం, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ క్రిమినల్ ప్రొసీజరు కోడ్ 125వ సెక్షన్ క్రింద గాని, 1986 చట్టం క్రింద గాని, రెండింటి క్రింద గాని పరిహారం కోరవచ్చును. ఆ 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షన్ అమలులోకి వచ్చింది. గృహిణులకు సంసారంలోనే ఆర్థిక భద్రత ఉండాలనీ, ఉమ్మడి బ్యాంకు ఖాతా వంటి ఏర్పాట్లు అవసరమనీ న్యాయమూర్తి నాగరత్న వ్రాసిన మాటలు ఆలోచించదగినవి.

ఈ తీర్పుపైన కూడా షరీఅత్‌లో జోక్యం అన్న విమర్శ వచ్చింది. ఆ ఆందోళనను తేలికగా కొట్టివేయరాదు. రెండు చట్టాల క్రింద ఒకేసారి వచ్చే మొత్తాలను ఎట్లా సమన్వయం చేయాలో, ఇద్దత్‌లో నిజంగా న్యాయమైన ఏర్పాటు చేసిన భర్తకు దానిని ఎంతవరకు లెక్కలో జమ కట్టాలో మేజిస్ట్రేటుల వద్ద స్పష్టమైన పద్ధతి ఇంకా ఏర్పడవలసి ఉన్నది. అయితే విమర్శకులు ఒక ప్రశ్నకు సమాధానం చెప్పాలి. 2017లో తలాఖ్ జరిగిన వెంటనే ఆ స్త్రీకి రావలసిన ప్రతి పద్దును పెద్దల సమక్షంలో తేల్చి ఇచ్చి ఉంటే, ఆ కేసు ఢిల్లీ దాకా పోయేదా? షాబానో దరఖాస్తునుండి తుది తీర్పుకు ఏడేళ్ళు. ఈ కేసులో తలాఖ్‌నుండి సుప్రీంకోర్టు తీర్పుకు దాదాపు ఏడేళ్ళు, అదీ మధ్యంతర భృతి మీదనే. ఈ ఏడేళ్ళలో వకీళ్ళకు, ప్రయాణాలకు, కాగితాలకు అయ్యే ఖర్చు ఏ తీర్పులోనూ పూర్తిగా కనిపించదు. 1987నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుందన్న విషయం కూడా చాలా ఇండ్లలో తెలియదు.

భర్తల పక్షాన కూడా ఒక మాట చెప్పుకోవాలి. చిరుద్యోగి మీద, ఆటో నడిపేవాడి మీద తలకు మించిన మొత్తం మోపితే అది ఉత్తర్వుగానే మిగులుతుంది గాని ఆమె చేతికి అన్నం కాదు. ఇందుకు కూడా ఖుర్ఆన్ కొలబద్ద ఇచ్చింది. కలిగినవాడు కలిమిలోనుండి, ఇరుకులో ఉన్నవాడు తనకు లభించినదానిలోనుండి ఖర్చు చేయాలి. ఎవరికీ ఇచ్చినదానికి మించిన భారం లేదు (65:7). ఇది భారాన్ని తగ్గించే వాక్యమే గాని, భారాన్ని తప్పించే వాక్యం కాదు. నెలకు 5,000 సంపాదించినవాడు 25 ఇవ్వడానికి దీనిని ఆధారంగా చూపలేడు.

చేయవలసినది

పరిశీలించిన తీర్పులలో మంచివి పద్దులను విడదీసినవి, లోపం గలవి వాటిని కలిపివేసినవి. సమాజం చేతిలో ఉన్న పని కూడా ఇదే. నికాహ్ నాడు సియాహా మీద మహర్‌ను వెండి లేక బంగారు తూకంలో వ్రాయవచ్చు. ఎంత చెల్లించారు, ఎంత వాయిదా వేశారు అన్నది అందులోనే నమోదు చేయవచ్చు. వధువుకు వచ్చిన నగలు, సామానుల జాబితా రెండు ప్రతులు వ్రాసి, ఇరుపక్షాల పెద్దల సంతకాలతో ఒకటి ఆమె వద్ద ఉంచవచ్చు. విడిపోవడం తప్పనిసరి అయినప్పుడు ఖాజీ ఎదుట గాని, మొహల్లా పెద్దల ఎదుట గాని తలాఖ్ పత్రంతోపాటు ఐదు పద్దుల పత్రం కూడా తయారు కావాలి: మహర్ ఎంత, ఇద్దత్ నివాసం, ఖర్చు ఎంత, మతా ఎంత, పిల్లలకు నెలకు ఎంత, ఏ తేదీన, ఎవరి చేతికి, ఆమె ఆస్తి ఏది, ఎప్పటిలోగా అప్పగింత. తలాఖ్ పత్రం ఒక్కటి ఇచ్చి పంపే దఫ్తరు సగం పని మాత్రమే చేసినట్లు. వక్ఫ్ బోర్డుల మీద చట్టం మోపిన బాధ్యతను కూడా జమాఅత్‌లు అడిగి అమలు చేయించాలి.

విడాకుల విషయంలో ఒకరి పట్ల ఒకరు ఔదార్యాన్ని మరచిపోవద్దని దివ్య ఖుర్ఆన్ మహర్ లెక్క చెప్పిన చోటనే హెచ్చరించింది (2:237). లెక్క సరిగా చూసిన తర్వాత ఆపైన చూపేది ఔదార్యం. రావలసినది ఎగవేసి, కొంత విదిలించి, దానికే ఔదార్యమని పేరు పెట్టడం ఆ వాక్యాన్ని అనుసరించడం కాదు. ఏ ఉత్తర్వూ లేకుండానే ఈ లెక్కను ఇద్దత్ గడువులోపల తీర్చిన కుటుంబానికి ఏ న్యాయస్థానం జోక్యమూ అవసరం ఉండదు.